పేరు వినగానే ఆ పిల్లలు ఏమంటున్నారు?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పోయిన వారం ఇస్లాం పుట్టుక గురించిన పాఠం మొదలుపెట్టాను. "మహమ్మద్ ప్రవక్త మక్కాలో పుట్టాడు" అని చదవగానే ముందు బెంచీలో కూర్చునే ముగ్గురు ముస్లిం ఆడపిల్లలు పెదాలు కదిలీ కదలకుండా ఏదో అనుకున్నారు. మళ్ళీ పేరు వచ్చింది, మళ్ళీ అదే. బెల్లు కొట్టేలోపు ఓ పదిహేను సార్లు జరిగి ఉంటుంది. వెనక బెంచీ కుర్రాడొకడు "సల్లల్లా సల్లల్లా" అంటూ వాళ్ళని వెక్కిరించాడు. నిలబెట్టి తిట్టాను. "అసలు వాళ్ళేమంటున్నారు మేడమ్?" అని వాడు తిరిగి అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా ఉచ్చారణ తప్పా, లేక హిందువునైన నేను ఆ పేరు పలికితే దోషమని ఏదైనా చదువుకుంటున్నారా అని అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నేను కూడా అనాలా? అంటే మరి నా సంగతి? సగం పాఠం ఇంకా మిగిలే ఉంది.

జవాబు:

టీచర్ గారూ, ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. మీ ఉచ్చారణకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. శుక్రవారం మసీదులో ఇమామ్ గారు ఆ పేరు పలికినా ఆ పిల్లలు అదే అంటారు. ఇంట్లో వాళ్ళ నాన్న పలికినా అంతే. తమ నోటితో తామే పలికినా, పలికిన వెంటనే అదే మాట. కాబట్టి అది మిమ్మల్ని ఉద్దేశించింది కాదు. దోషపరిహారం అంతకన్నా కాదు.

వాళ్ళంటున్నది "సల్లల్లాహు అలైహి వ సల్లం". అరబీ మాట. "అల్లాహ్ ఆయన మీద తన కారుణ్యాన్నీ శాంతినీ కురిపించుగాక" అని అర్థం. "సల్లా" అన్నది క్రియ, "అల్లాహు" కర్త, "అలైహి" అంటే ఆయన మీద, "వ" అంటే ఇంకా, "సల్లం" అంటే శాంతినిచ్చుగాక. గమ్మత్తేమిటంటే వ్యాకరణం ప్రకారం ఆ క్రియలు రెండూ భూతకాలంలో ఉంటాయి, కానీ అరబీలో దీవెనలకు ఆ రూపమే వాడతారు. మనకైతే చివర "గాక" పెట్టాలి. ఇలా ప్రవక్త కోసం చేసే దువాని, అంటే దేవుణ్ణి వేడుకునే ప్రార్థనని, అరబీలో సలవాత్ అంటారు. మన ఊళ్ళలో దరూద్ అంటాం, అది ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన పేరు. "దరూద్ చదువు" అంటే మా ముస్లింలలో చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ వాక్యంలో మాట్లాడుతున్నది ఎవరితో అన్నది చూడండి. ప్రవక్తతో కాదు. "ఓ ప్రవక్తా, నన్ను చల్లగా చూడు" అని అందులో ఎక్కడా లేదు. అడుగుతున్నది అల్లాహ్‌ని. అడుగుతున్నది ప్రవక్త కోసం. పిల్లాడు తుమ్మితే మనింట్లో పెద్దవాళ్ళు "చిరంజీవ" అంటారే, అప్పుడు వాళ్ళు పిల్లాడికి మొక్కుతున్నట్టా? పిల్లాడికి మేలు కలగాలని కోరుతున్నట్టు. ఇదీ ఆ బాపతే. కాకపోతే ఇక్కడ కోరుకునేవాళ్ళు చిన్నవాళ్ళు, ఎవరి కోసం కోరుతున్నారో ఆయన వాళ్ళకు అందరికన్నా పెద్ద.

ఈ సంగతి బయటివాళ్ళకే కాదు, మాలో చాలామందికి కూడా గుర్తుండదు. పేరు వినపడగానే ఇంత భక్తిగా ఏదో అంటున్నారు కాబట్టి పూజ లాంటిదే అయి ఉంటుందని అనుకుంటారు. నిజానికి అది పూజ కాకుండా కాపాడే మాట. ఒక మనిషి కోసం దేవుణ్ణి కారుణ్యం అడుగుతున్నామంటే, ఆ మనిషికి కూడా దేవుడి కారుణ్యం కావాలని ఒప్పుకుంటున్నట్టేగా. క్రీ.శ. 632లో మదీనాలో ప్రవక్త కన్నుమూసిన రోజు కొందరు ఆ మాట నమ్మలేకపోయారు. ప్రవక్త దగ్గరి సహచరుడు ఉమర్ అంతటివాడే ఆయన చనిపోలేదని వాదించారు. అప్పుడు మరో దగ్గరి సహచరుడు అబూబక్ర్ జనం ముందు నిలబడి, ముహమ్మద్‌ని ఆరాధించేవాళ్ళెవరైనా ఉంటే ముహమ్మద్ మరణించారని, అల్లాహ్‌ని ఆరాధించేవాళ్ళకు అల్లాహ్ ఎప్పటికీ ఉన్నాడని, ఆయనకు చావు లేదని చెప్పారు. ఆ తర్వాత ఖురాన్ మూడో అధ్యాయంలోని 144వ వాక్యం చదివారు. ముహమ్మద్ ఒక ప్రవక్త మాత్రమేనని, ఆయనకు ముందు ఎందరో ప్రవక్తలు గతించారని అందులో ఉంది. ఆయన కోసం చేసే దరూద్‌నీ ఈ వెలుగులోనే చూడాలి.

తెలుగులో ఒక చిక్కు ఉంది. పత్రికల్లో, పుస్తకాల్లో దీన్ని "ఆయనపై శాంతి కలుగుగాక" అని రాస్తారు. అర్థం తప్పు కాదు. కానీ మన చెవికి "శాంతి" అనగానే "ఆయన ఆత్మకు శాంతి కలగాలి" అన్న సంతాప సభ గుర్తొస్తుంది, ఫ్లెక్సీ మీద దండేసిన ఫోటో గుర్తొస్తుంది. దాంతో ఇది చనిపోయినవాళ్ళకు చెప్పే నివాళేమో అనిపిస్తుంది. కాదు. ఇందులోని "సల్లం", దారిలో కనపడ్డవాళ్ళకి మేం చెప్పే "అస్సలాము అలైకుమ్"లోని సలాం రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. బతికున్న మనిషికి రోజూ చెప్పే మాటే అది. స్మశానం ముందు నుంచి వెళ్తూ లోపలున్నవాళ్ళకీ అదే సలాం చెబుతాం. కాబట్టి క్లాసులో మీరు అర్థం చెప్పేటప్పుడు వీలైతే "శాంతి" ఒక్కటే చెప్పి ఊరుకోకండి. "దేవుడు ఆయన్ని కరుణించి చల్లగా చూడాలి" అనండి, పిల్లలకు సరిగ్గా అందుతుంది.

మరి ప్రతిసారీ ఎందుకు? ఒకసారి అంటే చాలదా? మీరు అడగలేదు గానీ మీ వెనక బెంచీ కుర్రాడు తప్పకుండా అడుగుతాడు.

దీనికి మూలం ఖురాన్ 33వ అధ్యాయం, అహ్‌జాబ్, 56వ వాక్యం. అల్లాహ్, ఆయన దూతలు ప్రవక్తపై సలవాత్ పంపుతున్నారు, విశ్వాసులారా మీరూ పంపండి, సలాం చెప్పండి అని దాని సారాంశం. జుమ్మా ఖుత్బాల్లో, అంటే శుక్రవారం ప్రసంగాల్లో, మౌల్వీలు ఈ వాక్యం దగ్గర ఆగి ఒక మాట చెబుతుంటారు. నమాజు చేయండి, ఉపవాసం ఉండండి అన్న ఆజ్ఞలిచ్చినప్పుడు "నేనూ చేస్తున్నాను" అని అల్లాహ్ అనలేదు, ఈ ఒక్కచోటే ముందు తన సంగతి చెప్పి తర్వాత మనల్ని చేయమన్నాడు అని. అల్లాహ్ సలవాత్ పంపడమంటే దూతల ఎదుట ఆయన్ని మెచ్చుకోవడమని, కరుణించడమని పండితులు వివరించారు. మనం పంపడమంటే దువా చేయడమే.

ఆ ఆజ్ఞ విన్నప్పుడు ప్రవక్త సహచరులకే అర్థం కాలేదు. కఅబ్ బిన్ ఉజ్రా అనే సహచరుడు చెప్పిన హదీసు, అంటే ప్రవక్త మాటల గురించిన కథనం, బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. "మీకు సలాం ఎలా చెప్పాలో మాకు తెలుసు, సలవాత్ ఎలా పంపాలి?" అని వాళ్ళు అడిగారు. ప్రవక్త నేర్పిన జవాబు "అల్లాహుమ్మ సల్లి అలా ముహమ్మదిన్..." అని మొదలవుతుంది. ఓ అల్లాహ్, ఇబ్రాహీం మీద, ఆయన సంతతి మీద కరుణ చూపినట్టే ముహమ్మద్ మీద, ఆయన సంతతి మీద నీ కరుణ చూపు అని. ఇందులో నాకు నచ్చే మెలిక ఒకటుంది. "మీరు పంపండి" అని ఆజ్ఞ వచ్చింది. నేర్పిన జవాబేమో "నువ్వే పంపు స్వామీ" అని దేవుడికే తిప్పి చెప్పడం. మా దగ్గరేముందని పంపుతాం, నువ్వే ఇవ్వు అని. దీన్నే దరూదె ఇబ్రాహీం అంటాం. ఐదు పూటలా నమాజులో చివర కూర్చున్నప్పుడు చదివేది ఇదే. అంటే మీ క్లాసులో ఆ ముగ్గురు ఆ పేరుకు జవాబుగా అన్నది, రోజూ నమాజులో చదివేదానికి పొట్టి రూపం.

ఇక పేరు వినగానే అనడం గురించి హదీసులు గట్టిగానే ఉన్నాయి. ఒకసారి దరూద్ పంపినవాడి మీద అల్లాహ్ పదిసార్లు కరుణ చూపుతాడన్నది ముస్లిం అనే ఆ హదీసు గ్రంథంలోనే ఉంది. తిర్మిజీ అనే మరో హదీసు గ్రంథంలోనిది ఇంకాస్త ఘాటు. తన పేరు విని కూడా దరూద్ పంపనివాడే అసలు పిసినారి అన్నారాయన. పైసా ఖర్చు లేని పని కూడా చేయనివాణ్ణి పిసినారి అనక ఏమంటారు! మన తెలుగు రాష్ట్రాల ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఒకరు జీవితంలో ఒక్కసారి అంటే విధి తీరుతుందన్నారు, ఇంకొకరు విన్న ప్రతిసారీ అనాల్సిందే అన్నారు. ఒక కూర్చోవడంలో ఎన్నిసార్లు పేరు వచ్చినా ఒకసారి తప్పనిసరి, ఆపైన ప్రతిసారీ అనడం మంచిది అన్న మధ్యేమార్గం స్థిరపడింది. మీ ముందు బెంచీ పిల్లలు పదిహేను సార్లూ అన్నారంటే, వాళ్ళింట్లో ఎవరో శ్రద్ధగా నేర్పారన్నమాట.

మా ఇంట్లో నేర్పింది మా నానీ, అంటే అమ్మమ్మ. చింతపండు గింజలు తీస్తూ కథలు చెప్పేది. కథలో ప్రవక్త పేరు వచ్చినప్పుడు చేతులు ఆగవు, కత్తిపీట ఆగదు, మాట మాత్రం ఒక్క క్షణం పక్కకి వెళ్ళి వచ్చేది. మేం అనకపోతే కథ ఆపేసి మా మొహాల్లోకి చూసేది. ఏమయ్యింది అన్నట్టు చూస్తే, "కంజూస్!" అనేది, పిసినారీ అని. తిర్మిజీ హదీసు సంగతి ఆమెకు తెలుసో లేదో నాకు తెలీదు. తర్వాత కథ కదలాలంటే మేం దరూద్ కట్టాల్సిందే, బస్సు టికెట్టులాగా.

మరో విషయం, ఇది క్లాసులో చెబితే బాగా పనికొస్తుంది. మీ జిల్లాలో క్లాసుకి పదిమంది క్రైస్తవ పిల్లలైనా ఉంటారు కదా. ఇలాంటి మాట ముస్లింలు ఒక్క ముహమ్మద్ ప్రవక్తకే అనరు. మిగతా ప్రవక్తల పేర్ల తర్వాత "అలైహిస్సలాం" అంటారు, ఆయనకు సలాం అని. ఆ ప్రవక్తలెవరో తెలుసా? మీ క్రైస్తవ పిల్లలు తెలుగు బైబిల్లో చదివే నోవహు మాకు నూహ్. అబ్రాహాము ఇబ్రాహీం. మోషే మూసా. దావీదు దావూద్. బాప్తిస్మమిచ్చు యోహాను యహ్యా. యేసు ఈసా. యేసు పేరు వినగానే ఆ ముందు బెంచీ పిల్ల "అలైహిస్సలాం" అంటుంది, ఆయన తల్లి మరియమ్మ పేరు విన్నా గౌరవంగా సలాం కలుపుతుంది. ఈ అలవాటుకి ఖురాన్‌లోనే ఆధారం ఉంది. 37వ అధ్యాయంలో నూహ్‌కి సలాం, ఇబ్రాహీంకి సలాం, మూసా హారూన్‌లకి సలాం అని ఒక్కొక్కరి పేరునా వస్తుంది. 19వ అధ్యాయంలో ఒడిలో ఉన్న పసివాడు ఈసా తన గురించి తానే, నేను పుట్టిన రోజునా, మరణించే రోజునా, తిరిగి లేచే రోజునా నాకు శాంతి అని పలుకుతాడు. క్రిస్మస్ నెలలో ఆ పాఠం తగిలితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ప్రవక్త సహచరులకైతే "రజియల్లాహు అన్హు" అంటాం, అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక అని. స్త్రీ అయితే "అన్హా". తర్వాతి కాలపు పండితులకు, వలీలకు (పుణ్యపురుషులకు) "రహ్మతుల్లాహి అలైహి". షియాల దగ్గర ప్రవక్త కుటుంబాన్ని కూడా కలిపి "సల్లల్లాహు అలైహి వ ఆలిహి వ సల్లం" అంటారు, ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్ పేరుకూ అలైహిస్సలాం చేరుస్తారు. హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం మజ్లిసుకి (సంతాప సభకి) వెళ్తే సలవాత్ గొణుగుడుగా కాదు, అందరూ ఒక్క గొంతుతో ఎలుగెత్తి చెప్పడం వినపడుతుంది. కొందరు అజాన్‌లో, అంటే నమాజుకి పిలిచే పిలుపులో, ఆ పేరు విని బొటనవేళ్ళు ముద్దాడి కళ్ళకద్దుకుంటారు. ఇంకొందరు అది కూడదంటారు. ఆ గొడవ మా ఇంటి గొడవ, మీ సిలబస్‌లో లేదు, వదిలేయండి.

చిన్న చిన్న సందేహాలు కొన్ని మీకు ఇకముందు రావచ్చు. హాజరు పట్టీలో "షేక్ మహమ్మద్" అని పిలిస్తే ఆ పిల్లలెవరూ దరూద్ అనరు, గమనించారా? దరూద్ ఆ శబ్దానికి కాదు, ఆ మనిషికి. అలాగే ఖురాన్‌లో ముహమ్మద్ అన్న పేరు నాలుగుచోట్లే వస్తుంది. పారాయణం మధ్యలో ఆ నాలుగుచోట్లా ఆగి దరూద్ కలపరు, దేవుడి వాక్యంలో మన మాట దూర్చకూడదని. ఇక తెలుగు పుస్తకాల్లో పేరు పక్కన (స) అని, (అ) అని కనిపించే బ్రాకెట్లు ఈ మాటలకు పొట్టి గుర్తులే. చదివేవాళ్ళు అక్కడ పూర్తిగా చదువుకోవాలి. పొట్టిగా రాయడం మీద కూడా పెద్దలకు కోపం ఉండేది. 1245లో చనిపోయిన ఇబ్నుస్సలాహ్ అనే హదీసు పండితుడు, ఎన్నిసార్లు వచ్చినా విసుక్కోకుండా పూర్తిగా రాయమని, రెండక్షరాలతో సరిపెట్టొద్దని విద్యార్థులకు చెప్పారు. ఆయన చూస్తే ఈ జవాబుకి నాకు సున్నా మార్కులు వేసేవారు. నేను ప్రతిచోటా రాయలేదు, రాస్తున్నప్పుడు మనసులో అనుకుంటూ వస్తున్నాను.

ఇక మీ ప్రశ్న, మీరూ అనాలా అన్నది. అక్కర్లేదు. ఆ ఆజ్ఞ "విశ్వాసులారా" అని మొదలవుతుంది, కాబట్టి అది విశ్వసించినవాళ్ళకు. మీరు అనలేదని ఆ పిల్లలు గానీ వాళ్ళ అమ్మానాన్నలు గానీ నొచ్చుకోరు. ఎప్పుడైనా గౌరవంగా అంటే మాత్రం మీ మతానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఆ వాక్యంతో ఎవరూ మతం మారిపోరు, మారడానికి వేరే సాక్ష్యవచనం ఉంది. అయితే మొహమాటానికో, పిల్లల మెప్పుకో అనొద్దు. నోరు తిరగక సగంలో తడబడితే వెనక బెంచీకి మళ్ళీ పండగ.

దానికన్నా మీ ఉత్తరంలో నాకు తగిలిన మాట వేరే ఉంది. "మక్కాలో పుట్టాడు." చూడండి, సోషల్ పుస్తకం భాష అదే, తప్పుపట్టను. అశోకుడు వేయించాడు, బుద్ధుడు బోధించాడు, అందరికీ ఏకవచనమే. మన భాషలో రాముడు కూడా వచ్చాడు, కృష్ణుడు కూడా పోయాడు, అందులో చనువే తప్ప చులకన లేదు. కానీ తెలుగు ముస్లింల ఇళ్ళలో ప్రవక్తకు "అన్నారు, చేశారు" తప్ప "అన్నాడు" ఉండదు. తమాషా ఏమిటంటే అల్లాహ్‌కి మాత్రం ఏకవచనమే వాడతాం, "సృష్టించాడు, సెలవిచ్చాడు" అని. ఆయన ఒక్కడే కాబట్టి బహువచనం మా నోటికి రాదు. కాబట్టి దరూద్ గురించి కంగారు మాని, "ప్రవక్త జన్మించారు" అని ఆ "రు" ఒక్కటి చేర్చండి. ముందు బెంచీకి వినపడుతుంది. అదే పద్ధతి బుద్ధుడికీ యేసుకీ పాటిస్తే ఎవరికీ పక్షపాతమనిపించదు కూడా.

కుర్రాడి సంగతి. వాణ్ణి తిట్టడం దాకా సరే గానీ వాడడిగింది మంచి ప్రశ్న. దానికి క్లాసులో అందరిముందూ జవాబు దొరకాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ ముగ్గురు పిల్లల్ని లేపి "మీరేమంటున్నారో చెప్పండమ్మా" అనొద్దు. పదమూడేళ్ళ పిల్ల నలభైమంది ముందు నిలబడి తన మతానికి వకీలు కాలేదు. ఒకవేళ ముగ్గుర్లో ఒకరికి అర్థం సరిగా తెలియకపోతే, ఆ సిగ్గు జీవితాంతం ఉంటుంది. విరామంలో విడిగా పిలిచి, "నేను అర్థం తెలుసుకున్నాను, క్లాసులో చెప్పొచ్చా?" అని అడగండి. వాళ్ళు సరేనంటే మీరే చెప్పండి. తుమ్మితే చిరంజీవ అనే పోలికతో మొదలుపెట్టండి, నవ్వుతారు, పర్లేదు.

మిగతా సగం పాఠం చదివేటప్పుడు పేరు దగ్గర ఒక్క శ్వాస ఆగండి. కామా దగ్గర ఆగినంతసేపు చాలు. ఆ ముగ్గురూ మీ తర్వాతి మాట మీద గొణక్కుండా, ఆ కాస్త సందులో అనుకుని మళ్ళీ పాఠంలోకి వచ్చేస్తారు.